బరువు కలపని లెక్క

పాత స్పోర్ట్స్ కారు పనైపోయిందనీ, ఇవాళ్టి పికప్ ట్రక్కు ముందు అది ఒట్టి బొమ్మేననీ ఒక మాట ఊరంతా తిరుగుతోంది. ఖరగ్‌పూర్‌లో మా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ కుర్రాళ్ళ నోట అదే, గోల్‌బజార్ టీ కొట్ల దగ్గర అదే, డల్లాస్ నుంచి సెలవులకి వచ్చిన చుట్టాల నోట కూడా అదే. "ఎంజీ అట, లోటస్ అట, జాగ్వార్ అట. హైలక్స్ పికప్‌లో 204 హార్స్‌పవర్ ఉంది. సామాను వేసుకుని కూడా ఆ ముసలి బళ్ళని దాటిపోద్ది" అంటారు. ఫోను తీసి వీడియో చూపిస్తారు. రెండు బళ్ళు పక్కపక్కన నిలబెట్టి తిన్నగా పరిగెత్తిస్తారు. ట్రక్కు ముందు గీత దాటుతుంది. అక్కడితో తీర్పు అయిపోతుంది.

ఆ తీర్పు తప్పు. లెక్కలో తప్పు కొంత, అసలు లెక్కలోకే తీసుకోకుండా వదిలేసింది మరింత. బళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళ సరదా తగువే అయితే దీని మీద ఇంత రాయక్కర్లేదు. కానీ ఈ మాట నమ్మి, రిటైర్‌మెంట్ డబ్బులో పెద్ద ముక్క పెట్టి, సందులో తిరగని బండిని ఇంటికి తెచ్చుకునేవాళ్ళున్నారు. నడుస్తున్న పాత కాంటెస్సా కారునో, హెరాల్డ్ కారునో "ఇంకెందుకిది" అని తుక్కు కింద తూచి ఇచ్చేసేవాళ్ళున్నారు. ట్రక్కు నచ్చకపోతే రేపు అమ్ముకోవచ్చు. తుక్కుకి వెళ్ళిన హెరాల్డ్‌ని ఎక్కడినుంచి తెస్తాం?

ముందు హార్స్‌పవర్ సంగతి. 1962లో వచ్చిన ఎంజీబీకి 1.8 లీటర్ ఇంజిన్, 95 హార్స్‌పవర్. మన ఆంధ్రలో, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌కి 1.9 లీటర్ టర్బో డీజిల్, 163 హార్స్‌పవర్. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించేసరికి ఎదుటివాడు నోరు మూసుకుంటాడు. రైల్వే ఊళ్ళో పుట్టిన మనం మూసుకోకూడదు. ఇంజిన్ శక్తి ఎంత అని అడిగినవాడు ఆ వెంటనే వెనక లోడు ఎంత అని అడగాలని మనకి ఒకరు నేర్పక్కర్లేదు. ఎంజీబీ బరువు 920 కిలోల దరిదాపు. వీ-క్రాస్ రెండు టన్నులకి అటూ ఇటూ. ఇప్పుడు భాగించండి. ఎంజీబీకి టన్నుకి వంద హార్స్‌పవర్ పైమాట. వీ-క్రాస్‌కి ఎనభై చిల్లర. 204 హార్స్‌పవర్ హైలక్స్‌ని తూకానికి పెట్టినా, దాని రెండు టన్నుల పైచిలుకు బరువుకి, వంద దాటడం కష్టం. అదే 1962లో వచ్చిన లోటస్ ఎలాన్‌ని తీసుకోండి. 1,558 సీసీ ఇంజిన్, 105 హార్స్‌పవర్, బరువు ఏడువందల కిలోల లోపు. టన్నుకి నూటయాభై పైన! 1961 జాగ్వార్ ఈ-టైప్‌కి కంపెనీ చెప్పిన 265 హార్స్‌పవర్‌ని దాని టన్నుంబావు బరువుతో భాగిస్తే రెండువందలు దాటుతుంది. అంటే ట్రక్కు వైపు వాళ్ళు దేన్ని చూపించి గెలిచామంటున్నారో, ఆ అంకెలోనే, బరువు కలిపి చూస్తే ఓడిపోతున్నారు.

మరి తిన్నని రోడ్డు మీద ఎంజీబీని హైలక్స్ ఎలా దాటుతోంది? దాటుతుంది, నిజమే. ఆగి ఉన్న చోటినుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎంజీబీకి పన్నెండు సెకన్లకి పైనే పడుతుంది, ఈనాటి పెద్ద డీజిల్ పికప్ అంతకంటే ముందే అందుకుంటుంది. టర్బో ఉంది, తక్కువ ఆర్‌పీఎం దగ్గరే పుట్టే టార్క్ ఉంది, ఆరు గేర్ల ఆటోమేటిక్ పెట్టె ఉంది, వెడల్పాటి రేడియల్ టైర్లున్నాయి, చక్రం జారకుండా క్షణక్షణం చూసుకునే ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి. ఇవన్నీ అరవై ఏళ్ళ ఇంజినీరింగ్ సంపాదన. ట్రక్కు అనే ఆకారానికీ వాటికీ సంబంధం లేదు. అదే సంపాదనని చిన్న, తేలిక బండిలో పెడితే ఏమవుతుందో మాజ్డా ఎంఎక్స్-5 చూపించింది. పాత బ్రిటిష్ రోడ్‌స్టర్‌లని, ముఖ్యంగా ఆ ఎలాన్‌ని, మనసులో పెట్టుకునే మాజ్డా 1989లో దాన్ని తెచ్చింది. ఇప్పటి ఎంఎక్స్-5 రెండు లీటర్ల ఇంజిన్‌కి 184 హార్స్‌పవర్, బండి బరువు టన్నుకి కాస్త పైన. ఆరున్నర సెకన్లలో వంద అందుకుంటుంది, టర్బో కూడా లేకుండా. 1962 బండి మీద 2022 బండి గెలిచిందంటే గెలిచింది ఆ మధ్య అరవై ఏళ్ళు. ఈ తేడా చెప్పకుండా వీడియో చూపించేవాడు తాత మీద పందెం గెలిచిన మనవడికి ఒలింపిక్ పతకం వేస్తున్నాడు.

అమెరికాలో మాత్రం వేరే సరుకు ఉంది, అది దాచడం న్యాయం కాదు. ఏడువందల హార్స్‌పవర్ రామ్ టీఆర్‌ఎక్స్ ఉంది, విద్యుత్‌తో నడిచే సైబర్‌ట్రక్ ఉంది. సైబర్‌ట్రక్‌లో పెద్ద రకానికి 845 హార్స్‌పవర్, బరువు మూడు టన్నులు దాటుతుంది. తిన్నగా పరిగెత్తడంలో ఇవి ఈ-టైప్‌నే కాదు, కొత్త స్పోర్ట్స్ కార్లని కూడా చాలావాటిని దాటేస్తాయి. ఆ ఒక్క పందెంలో గెలుపు వాటిదే. కానీ ఆ గెలుపుని కూడా ఎలా అమ్ముకున్నారో చూడండి. 2023 నవంబరు 30న సైబర్‌ట్రక్‌ల తొలి డెలివరీ సభలో ఒక వీడియో వేశారు. ట్రక్కు వెనక ట్రాలీ మీద ఒక పోర్షే 911ని కట్టుకుని, పక్కన ఇంకో పోర్షే 911తో పావుమైలు పందెం పరిగెత్తి గెలిచిందని చెప్పారు. ప్రపంచమంతా ఆ వీడియో చూసింది, మన వాట్సాప్ గ్రూపుల్లోకీ వచ్చింది. ఆ తర్వాత తేలిందేమిటంటే, వాళ్ళు పరిగెత్తింది పావుమైలు కాదు, అందులో సగం. ఒక అమెరికన్ మోటారు పత్రిక అదే పందెం పూర్తి పావుమైలు పెట్టి చూస్తే పోర్షే గెలిచింది. మొదటి వీడియో చూసినవాళ్ళలో రెండోది ఎందరు చూశారు?

అసలు గీత నుంచి గీతకి తిన్నగా పరిగెత్తడం స్పోర్ట్స్ కారు పరీక్షే కాదు. దాన్ని చేసినవాళ్ళు అందుకు చేయలేదు. మలుపులో పెట్టి చూడాలి. ఎంజీబీ ఎత్తు 1.25 మీటర్లు. పికప్ ఎత్తు 1.8 మీటర్లు దాటుతుంది. రెండు టన్నుల బరువు అంత ఎత్తున కూర్చుంటే మలుపులో బండి పక్కకి వాలుతుంది, ఆ వాలుని ఎలక్ట్రానిక్స్ పట్టుకుని, ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి, బండిని బలవంతాన దారిలో పెడతాయి. ఎలాన్‌లో అక్కర్లేదు. నేలకి దగ్గరగా కూర్చుంటారు, స్టీరింగ్ రెండు వేళ్ళ బరువు, టైరు ఎక్కడ పట్టు వదలబోతోందో అరచేతికి తెలుస్తుంది. బండి నడపడం అంటే అదీ. ఇక వేగమంటారా, మన దేశంలో నాలుగు వరుసల హైవే మీద కార్లకి 2018లో పెట్టిన పరిమితి గంటకి వంద కిలోమీటర్లు. ఎంజీబీ 160 దాటి పోగలదు. చట్టం ఒప్పుకునే వేగానికి అరవై ఏళ్ళ కిందటి బండే ఎక్కువైనప్పుడు, మిగతా ఏడువందల హార్స్‌పవర్ కొనుక్కుని చౌరంగీ కూడలి సిగ్నల్ దగ్గర నిలబెట్టుకోవడం ఎందుకు?

రెండో వాదన ఇంతకంటే లోతుగా గుచ్చుతుంది. "అవన్నీ దొరల బొమ్మలు, మనకేం సంబంధం? పికప్ మనవాడి బండి" అంటారు. చరిత్ర తెలియకపోవడం వల్ల వచ్చిన మాట ఇది.

ఖరగ్‌పూర్ స్టేషన్ బయట దశాబ్దాల పాటు వరసకట్టి నిలబడిన అంబాసిడర్ టాక్సీల బానెట్ కింద ఏ ఇంజిన్ ఉండేది? 1,489 సీసీ బీఎంసీ బీ-సిరీస్. 1955లో ఇంగ్లండులో ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు వచ్చినప్పుడు దానిలో పెట్టిందీ ఆ 1,489 సీసీ బీ-సిరీసే. వాళ్ళు దానికి రెండు ఎస్‌యూ కార్బొరేటర్‌లు తగిలించి, కాస్త శక్తి పెంచి, పందేలకి తీసుకెళ్ళారు. మనం ఒక కార్బొరేటర్‌తో, ఏడుగురిని ఎక్కించుకుని, దిఘా సముద్రానికి తీసుకెళ్ళాం. ఎంజీబీలోని 1.8 లీటర్ ఇంజిన్ కూడా ఆ కుటుంబంలోదే, కాస్త పెద్దన్న. హౌరాకి అవతల ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ ఈ ఇంజిన్‌ని పోత పోసింది, ఆ కార్ఖానా పేరే అక్కడి రైల్వే స్టేషన్‌కి పడింది, హింద్‌మోటర్ అని. 2014 మేలో ఆ గేటు మూతపడేదాకా బెంగాల్, ఒరిస్సా, ఆంధ్ర ఊళ్ళన్నిటిలోనూ ఈ ఇంజిన్‌ని కళ్ళుమూసుకుని విప్పి బిగించగల మిస్త్రీలు పుట్టుకొచ్చారు. స్పోర్ట్స్ కారు గుండెకాయ మన టాక్సీలో ఉండేది. దాన్ని బాగుచేసే చేతులు మన వీధిలో ఉండేవి. దొరల బొమ్మ ఎలా అవుతుంది?

ఆ చేతుల పని ఒకటి చెబుతాను. మా వైపు ఒక క్వార్టర్ ముందు, రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన పెద్దాయన తన అంబాసిడర్‌కి టాపెట్‌లు సర్దుతున్నారు. పక్కన ఎనిమిదో క్లాసు చదివే మనవడు. రాకర్ కవరు మీది రెండు నట్‌లు విప్పి, కార్క్ గాస్కెట్ చిరగకుండా ఎత్తి, పాత పేపరు మీద బోర్లించారు. లోపల ఎనిమిది వాల్వులు, తేనెరంగు నూనె పూసుకుని వరసగా ఉన్నాయి.

"బండిని గేరులో పెట్టి మెల్లగా తొయ్యరా. ఆగు. ఎనిమిదోది పూర్తిగా కిందకి నొక్కుకుందా? అయితే ఇప్పుడు ఒకటోది సర్దాలి."

"ఎనిమిదోది దిగితే ఒకటోది ఎందుకు తాతయ్యా?"

"ఏడోది దిగితే రెండోది. ఆరోది దిగితే మూడోది. కూడి చూడు, ఎప్పుడూ తొమ్మిదే వస్తుంది. దిగినదాని జోడీ ఆ టైములో పూర్తిగా వదులుగా ఉంటుంది, అప్పుడే సందు కొలవాలి. ఇదిగో, పదిహేను థౌ పత్తీ. దూర్చి లాగు. పట్టీ పట్టనట్టు రావాలి."

కుర్రాడు పత్తీ దూర్చాడు. గట్టిగా వచ్చింది. ఆయన లాక్‌నట్ వదులు చేసి, స్క్రూడ్రైవర్‌ని వెంట్రుకవాసి తిప్పి, మళ్ళీ ఇచ్చారు. ఈసారి నూనెలో జారినట్టు వచ్చింది. కుర్రాడి మొహం చూడాలి! ఎనిమిదింటినీ వాడే ముగించాడు. ఒక స్క్రూడ్రైవరు, ఒక రింగ్ స్పానరు, ఒక ఫీలర్ గేజ్, ఒక కూడిక. ఎంజీఏ యజమాని ఇంగ్లండులో చేసేదీ అచ్చంగా ఇదే పని, ఇదే తొమ్మిది లెక్క.

ఇప్పుడు రెండు టన్నుల కొత్త పికప్ బానెట్ ఎత్తండి. పైన ప్లాస్టిక్ మూత. దాని కింద కామన్ రైల్ పైపుల్లో డీజిల్ రెండువేల బార్‌ల చుట్టుపక్కల ఒత్తిడిలో ఉంటుంది, ఇంజిన్ నడుస్తుండగా యూనియన్ వదులు చేస్తే చెయ్యి పోతుంది. డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగితే స్కానర్ తగిలించాలి, ఆ స్కానర్‌కి కంపెనీ తాళం తియ్యాలి. ఈ ఏర్పాటు వల్ల పొగ తగ్గింది, అది పెద్ద మేలు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 నిబంధనకి ఇది లేకుండా డీజిల్ బండి నిలబడదు. కానీ దానికీ ఒక షరతు ఉంది, షోరూమ్‌లో అది గట్టిగా చెప్పరు. పొగలో మసిని పట్టే డీజిల్ ఫిల్టర్ తనని తాను కాల్చుకుని శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద వేడెక్కి ఆగకుండా నడవాలి. న్యూ సెటిల్‌మెంట్ నుంచి గోల్‌బజార్‌కీ, అక్కడినుంచి స్టేషన్‌కీ, మళ్ళీ ఇంటికీ, రోజూ రెండేసి మూడేసి కిలోమీటర్ల తిరుగుడే అయితే ఆ ఫిల్టర్ మూసుకుపోతుంది. ఎడారులూ కొండలూ దాటుతుందని ప్రకటనలో చూపించిన బండికి మన కూరగాయల బజారే పడదు.

ఇసుజు కథ ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే పికప్ గురించి మురిసిపోయేవాళ్ళకి ఇది తెలిసినట్టు లేదు. 1984లో ఉత్తర్‌పాడా నుంచి కాంటెస్సా వచ్చింది. ఇంగ్లండు వాక్స్‌హాల్ వీఎక్స్ ఆకారం, పొడవాటి బానెట్, ఠీవి అయిన నడక. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కాదది, నాలుగు తలుపుల బండి. అయినా ఆ రోజుల్లో మన దేశంలో కుర్రకారు గుండె కొట్టుకున్నది దాని కోసమే. మొదట దానిలో అంబాసిడర్ 1.5 లీటర్ ఇంజినే పెట్టారు, ఆ శరీరానికి ఆ శక్తి చాలలేదు. కొన్నేళ్ళకి ఇసుజు 1.8 లీటర్ పెట్రోల్ ఇంజిన్, అయిదు గేర్ల పెట్టె వచ్చాయి. కాంటెస్సా అప్పుడు కాంటెస్సా అయింది. అదే 1.8 ఇసుజు ఇంజిన్‌తో చింకారా అనే చిన్న కంపెనీ లోటస్ సెవెన్ పోలికలో ఒక రోడ్‌స్టర్ కూడా చేసింది. 2002లో కాంటెస్సా ఆగింది. పదేళ్ళ పైన గడిచాక ఇసుజు తన పికప్‌లతో ఈ దేశానికి వచ్చినప్పుడు, మొదట వాటిని కూర్పించింది తిరువళ్ళూరులోని హిందుస్థాన్ మోటార్స్ కార్ఖానాలోనే. 2016లో శ్రీసిటీలో సొంత కార్ఖానా తెరిచింది. మన ఊరి పక్కనుంచి పోయే 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని విశాఖ, బెజవాడ, నెల్లూరు దాటి వెళ్తే ఆ శ్రీసిటీ పక్కకే చేరతాం. కాంటెస్సానీ వీ-క్రాస్‌నీ ఎదురెదురు నిలబెట్టి కొట్టుకోమంటున్నారు. అవి చుట్టాలు. ఆ చుట్టరికంలో పాతది ముందు వచ్చి దారి వేసింది.

"పికప్ పని చేస్తుంది, స్పోర్ట్స్ కారు ఏం చేస్తుంది?" అనేది మూడో మాట. పని చేసే పికప్‌కి నేను రెండు చేతులా దణ్ణం పెడతాను. తెల్లారకముందే గోల్‌బజార్‌కి వంకాయలు, కాలీఫ్లవరు దించే బొలేరో పికప్‌లు లేకపోతే ఈ ఊరికి మధ్యాహ్నం కూర లేదు. 2005లో టాటా ఏస్ వచ్చాక, అందరూ ఛోటా హాథీ అని పిలుచుకునే ఆ చిన్న బండి మీద ఎన్ని కుటుంబాలు నిలదొక్కుకున్నాయో మనకి తెలుసు. దసరాకి విగ్రహం మోసిందీ అదే, ఆడపిల్ల కాపరానికి వెళ్తే బీరువా మోసిందీ అదే. ఆ బళ్ళని ఎవరూ ఎంజీబీతో పోటీ పెట్టడం లేదు. పోటీ పెడుతున్నది ముప్పై లక్షలు దాటిన, తోలు సీట్ల, వెనక డాలాకి నిగనిగలాడే మూత బిగించిన ట్రక్కుని. ఆ డాలాలో ఏం పడిందో గీతలు చూస్తే తెలుస్తుంది. గీతలు లేవు. పని చెయ్యని ట్రక్కుకి పని పేరు చెప్పి పొగడడం, నిజంగా పని చేస్తున్న ఛోటా హాథీకి అన్యాయం.

పైగా అయిదు మీటర్ల ముప్పై సెంటీమీటర్ల ఆ ట్రక్కు మన క్వార్టర్ల మధ్య ఒక్క పట్టున తిరగదు. గుండ్రంగా తిరగడానికి పన్నెండు మీటర్ల పైన జాగా అడుగుతుంది. 1960ల్లో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఏడున్నర మీటర్లలో తిరిగేది. హెరాల్డ్ అంటే ఏదో మామూలు కుటుంబ కారు అనుకుంటారు గానీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు పుట్టింది ఆ హెరాల్డ్ ఛాసీ మీదే. దాని బానెట్ మొత్తం రెక్కలతో సహా ముందుకి తెరుచుకునేది, టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. బండి చేసినవాడు దాన్ని బాగుచేసేవాణ్ణి తలుచుకుంటూ చేశాడు.

అమెరికాలో అందరూ పికప్‌లే కొంటున్నారు కదా, అంతమంది తప్పా? అని మా డల్లాస్ చుట్టం అడిగాడు. అంతమంది ఎందుకు కొంటున్నారో చరిత్ర చూడాలి. 1960ల మొదట్లో ఐరోపా దేశాలు అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచాయి. దానికి బదులుగా అమెరికా బయటి దేశాల చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది, అది 1964లో అమల్లోకి వచ్చింది, కోళ్ళ తగువు అందరూ మరిచిపోయినా ఆ సుంకం మాత్రం పోలేదు. పోటీ లేని ఆ మడిలో అక్కడి కంపెనీలు ట్రక్కుని పెంచి పోషించాయి. 1970ల్లో ఇంధన పొదుపు చట్టం వచ్చినప్పుడు కూడా కార్లకి ఒక కొలత, ట్రక్కులకి అంతకంటే వదులైన కొలత పెట్టారు. లాభం ఎక్కడుంటే ప్రకటన అక్కడ ఉంటుంది. జనం మనసు మారిందన్న మాటలో కొంత నిజం ఉంది, కానీ ఆ మనసుని సుంకమూ చట్టమూ ప్రకటనా కలిసి అరవై ఏళ్ళు దున్నాయి. ఇప్పుడు ఆ పంటని మనం విత్తనం కింద తెచ్చుకుంటున్నాం.

భద్రత విషయంలో పాత బండి ఓడుతుంది. ఎయిర్‌బ్యాగ్‌లు లేవు, ఏబీఎస్ లేదు, గుద్దుకుంటే నలిగి మనిషిని కాపాడే ముందుభాగం లేదు. పిల్లల్ని ఎక్కించుకుని హైవే ఎక్కడానికి ఎంజీబీ కొనమని నేను ఎవరికీ చెప్పను. అయితే భద్రత ఎవరికి అని కూడా అడగాలి. ట్రక్కు లోపల కూర్చున్నవాడికి ఉన్న భద్రత బయట సైకిలు మీద వర్క్‌షాప్‌కి వెళ్ళేవాడికి లేదు. అమెరికాలో హైవే భద్రత మీద పనిచేసే బీమా సంస్థల పరిశోధనా కేంద్రం, ఐఐహెచ్‌ఎస్, 2023లో లెక్క తేల్చింది. బానెట్ అంచు 40 అంగుళాలకి పైన ఉన్న బళ్ళు నడిచేవాణ్ణి గుద్దితే అతను చనిపోయే అవకాశం, బానెట్ 30 అంగుళాలకి లోపు ఉండి ముందుకి వాలుగా ఉన్న బళ్ళతో పోలిస్తే సుమారు 45 శాతం ఎక్కువ. ఎత్తు బానెట్ కాళ్ళని కాక ఛాతీని, తలని కొడుతుంది. స్కూలు వదిలాక రోడ్డు దాటే పిల్లాడు ఆ బానెట్ ముందు నిలబడితే డ్రైవరుకి కనిపించకపోవచ్చు కూడా. దానికి తోడు ముందు ఇనుప గార్డు బిగిస్తారు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ఆ గార్డులని తీయించమని రాష్ట్రాలకి రాసింది. మన రోడ్ల మీద అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఒకే వేగంలో రెండు టన్నుల బండి మోసుకొచ్చే దెబ్బ 920 కిలోల బండి దెబ్బకి రెండింతల పైన. బరువుని గొప్పగా చెప్పుకునేవాళ్ళు ఈ రెండింతలు ఎవరి ఒంటి మీద పడతాయో కూడా చెప్పాలి.

ఈ "పాతది పనైపోయింది" అన్న మాట కబుర్లలోనే ఆగి ఉంటే బాగుండేది. చట్టంలోకీ ఎక్కింది. 2022 ఏప్రిల్‌లో పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ తిరగరాయించుకోవడానికి రుసుము 600 నుంచి 5,000 రూపాయలకి పెరిగింది. తుక్కయిపోయి పొగలు కక్కే బండికీ, ప్రతి ఆదివారం తుడిచి, టాపెట్ సర్ది, నెలకి రెండుసార్లు బయటికి తీసే కాంటెస్సాకీ ఆ చట్టం కంటికి తేడా లేదు. వింటేజ్ బళ్ళకి 2021లో విడిగా నిబంధనలు తెచ్చారు, నంబరు ప్లేటులో వీఏ అనే అక్షరాలతో. మంచి పని. కానీ దానికి బండి వయసు యాభై ఏళ్ళు దాటాలి. అంటే 1984లో పుట్టిన మొదటి కాంటెస్సా 2034 దాకా ఆగాలి, చివరిది 2052 దాకా. ఈలోగా అది వట్టి పాత కారు, తుక్కుకి దగ్గరగా ఉన్న కారు. పదిహేను నుంచి యాభై దాకా ఉన్న ఈ ముప్పై అయిదేళ్ళ ఖాళీలోనే బళ్ళన్నీ కరిగిపోతాయి.

ప్రపంచ చారిత్రక వాహనాల సమాఖ్య ఫివా ముప్పై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా నిలబెట్టిన బండిని చారిత్రక వాహనం అంటుంది. జర్మనీలో ముప్పై ఏళ్ళకే విడి నంబరు ప్లేటు ఇస్తారు. బ్రిటన్‌లో నలభై దాటితే రోడ్డు పన్ను ఉండదు. మన దగ్గర కూడా 1968 నుంచి స్టేట్స్‌మన్ పత్రిక కలకత్తాలో పాతకార్ల ర్యాలీ నడుపుతోంది. అంబాసిడర్, కాంటెస్సా రెండూ పుట్టిన రాష్ట్రం ఇది. ముప్పై ఏళ్ళ గీత ఇక్కడ కావాలి: పొగ పరీక్ష కచ్చితంగా పెట్టండి, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లు దాటకూడదని హద్దు పెట్టండి, బ్రేకులు ప్రతి ఏడూ చూడండి, కానీ ఆ పరీక్షలు నెగ్గిన బండికి తుక్కు బండి రుసుము వెయ్యకండి. పికప్ ముందు అది ఓడిందని ఎవరైనా అధికారి ముందు వాదిస్తే, టన్నుకి ఎంతో లెక్క వేసి చూపించడానికి న్యూ సెటిల్‌మెంట్ నుంచి ఫిట్టర్‌లు, వాళ్ళ మనవలు వస్తారు.